హైదరాబాద్‌లో సొమాటిక్ థెరపీ: తొలి ఫోన్ కాల్ నుంచి ఆఖరి సెషన్ దాకా ఏం జరుగుతుంది

గుండె దడ అంటే కార్డియాలజిస్టు ఈసీజీ, టూడీ ఎకో తీయించి "గుండెకేం లేదు" అన్నారు. మెడ పట్టేసిందంటే ఆర్థో డాక్టరు మాత్రలు రాసి ఫిజియోకి పంపారు. కడుపులో మంటకు గ్యాస్ మాత్రలు సరేసరి. ఇన్ని మెట్లు ఎక్కి దిగాక ఎవరో ఒక డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండి" అని చీటీ చేతిలో పెడతారు. ఎలా తగ్గించుకోవాలన్నది మాత్రం ఆ చీటీలో ఉండదు. ఇలా తిరుగుతూ తిరుగుతూ సొమాటిక్ థెరపీ, బాడీ బేస్డ్ థెరపీ అన్న మాటలు చెవినపడి, "అక్కడికి వెళ్తే ఏం చేస్తారు? ఒంటి మీద చేయి వేస్తారా? ఏడిపిస్తారా? ఎన్నాళ్లు పడుతుంది?" అని సందేహిస్తున్న పెద్దవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిల్లలతో చేసే పద్ధతి వేరు, దాని జోలికి పోవడం లేదు.

ముందే ఒక్క మాట. ఇన్‌స్టాలో కనిపించే వీడియోల్లో మనుషులు చాప మీద పడి వణికి, అరిచి, చివర్లో నవ్వుతూ లేస్తారు. మంచి థెరపిస్టు గదిలో అలాంటి దృశ్యం అరుదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇద్దరు మనుషులు కుర్చీల్లో కూర్చుని, మధ్యమధ్యలో చాలాసేపు ఏమీ మాట్లాడుకోనట్టు కనిపిస్తుంది. ఆ నిదానంలోనే పని జరుగుతుంది. దుడుకుగా లాక్కెళ్లేవాళ్లను గుర్తుపట్టి దూరం పెట్టడం వస్తే మీకు కావాల్సిందాంట్లో సగం వచ్చినట్టే.

ఇదేమిటి, ఏది కాదు

ఇది మసాజ్ కాదు, ఫిజియోథెరపీ కాదు, రేకీ కాదు, యోగా క్లాసూ కాదు. మాటలతో చేసే కౌన్సెలింగ్‌కు దగ్గరి చుట్టం. తేడా ఒక్కటే: మామూలు కౌన్సెలింగ్‌లో "అప్పుడు మీరేమనుకున్నారు?" అని అడిగే చోట, ఇక్కడ "ఇది చెబుతుంటే ఒంట్లో ఏమవుతోంది?" అని అడుగుతారు. మీ ఊపిరి ఎక్కడ ఆగింది, భుజాలు ఎప్పుడు పైకి లేచాయి, ఏ మాట దగ్గర కాలు ఊపడం మొదలైంది, ఇవన్నీ థెరపిస్టు గమనిస్తూ ఉంటారు. మెల్లగా మీరే గమనించుకునేలా నేర్పుతారు.

దీని వెనకున్న ఆలోచన చెప్పుకుందాం. ప్రమాదం ఎదురైతే ఒళ్లు పరిగెత్తడానికో, తిరగబడడానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల మందగిస్తుంది. రెండింటికీ దారి లేకపోతే మనిషి కొయ్యబారిపోతాడు. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీసిన క్షణంలో, యాక్సిడెంట్‌లో కారు దొర్లుతున్న క్షణంలో కాళ్లూ చేతులూ ఆడకపోవడం అదే. ఆ ఘట్టం అయిపోయినా ఒంటికి "అయిపోయింది" అన్న కబురు సరిగా అందకపోతే, ఏళ్ల తర్వాత మేనేజరు ఫోన్ మోగినా అదే బిగింపు తిరిగొస్తుంది. ఆ కబురును అందించడం ఈ థెరపీ పని అని దీన్ని చేసేవాళ్లు అంటారు. నాడీ వ్యవస్థలో లోపల జరిగేదాని గురించి వాళ్లు చెప్పే సిద్ధాంతాలన్నిటినీ శాస్త్రవేత్తలు ఒప్పుకోవడం లేదు. ముఖ్యంగా మెదడు నుంచి గుండె, పేగుల దాకా వెళ్లే వేగస్ నాడి పేరు మీద నడిచే ప్రచారంలో నిజం కంటే ఊహ ఎక్కువ. పద్ధతి కొందరికి పనిచేయడం ఒక సంగతి, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పే కథ రుజువు కావడం ఇంకో సంగతి. రెండింటినీ కలపకుండా ఉంటే మంచిది.

మొదటి పని: ఒంటి జబ్బు లేదని తేల్చుకోండి

థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. రక్తహీనత ఉంటే మెట్లెక్కినా ఆయాసం. బి12 తక్కువైతే అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు. ఎన్నేళ్లుగానో శాకాహారులైనవాళ్లలో ఇది మామూలే. ఇవన్నీ చూడ్డానికి ఆందోళనలాగే ఉంటాయి. కాబట్టి ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఒక సీబీపీ, టీఎస్‌హెచ్, బి12, షుగర్ చేయించుకుని, ఛాతీ నొప్పి ఉంటే ఈసీజీ కూడా అయ్యాకే థెరపీకి ఫోన్ చేయండి. రిపోర్టులు ఒక ఫైలులో పెట్టుకుంటే తొలి సెషన్‌లో పనికొస్తాయి.

ఇంకొందరు ముందుగా సైకియాట్రిస్టును కలవాలి. ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నవాళ్లు, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపే తెలియనివాళ్లు, చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లు, మద్యం లేకపోతే చేతులు వణికేవాళ్లు ఇలాంటి థెరపీతో మొదలుపెట్టకూడదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది, మెట్రో స్టేషన్ కూడా దగ్గరే. "ఎర్రగడ్డకు పంపాలి నిన్ను" అని ఈ ఊళ్లో వేళాకోళాలు ఆడీ ఆడీ ఆ గేటు దాటడానికే జనం సిగ్గుపడేలా చేశాం గానీ, లోపల ఉన్నది అందరు డాక్టర్లలాంటి డాక్టర్లే. పంజాగుట్ట నిమ్స్, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో కూడా సైకియాట్రీ విభాగాలున్నాయి. అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరైతే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

మందులు వాడుతున్నవాళ్లు థెరపీ మొదలైందని వాటిని ఆపకండి. "మందులు మానేస్తేనే ఒళ్లు విడుదలవుతుంది" అనే థెరపిస్టు కనబడితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

రెండో పని: ఏ రకమో తెలుసుకోండి

ఈ గొడుగు కింద చాలా పేర్లున్నాయి. ఎక్కువగా వినబడేది సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్. అమెరికాకు చెందిన పీటర్ లెవిన్ 1970లలో దీన్ని రూపొందించడం మొదలుపెట్టారు. శిక్షణ మూడేళ్ల పాటు విడతలుగా సాగుతుంది. పాట్ ఆగ్డెన్ రూపొందించిన సెన్సరీమోటార్ సైకోథెరపీ దీనికి దగ్గరగా ఉంటుంది. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో కదలిక ఎక్కువ. మారియన్ చేస్ 1942లో వాషింగ్టన్‌లోని ఒక మానసిక ఆసుపత్రిలో రోగులతో దీన్ని మొదలుపెట్టారు. పేరులో డాన్స్ ఉన్నా మీకు స్టెప్పులు రానక్కర్లేదు, కూచిపూడి నేర్చుకుని ఉండనక్కర్లేదు. ట్రామా సెన్సిటివ్ యోగా అని ఇంకొకటుంది. మామూలు యోగా మాస్టారిలా "ఇంకా వంగండి" అనరు, వచ్చి నడుం నొక్కరు, "కావాలంటే చేయి ఎత్తి చూడండి, లేదంటే వద్దు" అంటారు.

ఈఎండీఆర్‌ను కూడా కొందరు దీంట్లోనే కలుపుతారు. థెరపిస్టు వేళ్లను కళ్లతో అటూ ఇటూ అనుసరిస్తూ చేదు జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి అది. నిజానికి దాని దారి వేరు, ఆధారాలూ ఎక్కువే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గాయం తర్వాత మిగిలే మానసిక ఒత్తిడికి పెద్దవాళ్లలో సిఫారసు చేసిన చికిత్సల్లో ఈఎండీఆర్, ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స) ఉన్నాయి. సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్‌కు అంత బలమైన నేపథ్యం ఇంకా లేదు. 2017లో ప్రచురితమైన ఇజ్రాయెల్ అధ్యయనంలో 63 మందిలో కొందరికి వారానికొకటి చొప్పున 15 సెషన్లు చేసి, మిగతావాళ్లను వెయిటింగ్ లిస్టులో ఉంచి పోల్చారు, చేయించుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. ట్రామా సెన్సిటివ్ యోగా మీద 2014లో వచ్చిన అధ్యయనం, గాయం తర్వాత మిగిలే ఆ ఒత్తిడి వేరే చికిత్సలకు లొంగని 64 మంది ఆడవాళ్లతో జరిగింది. పది వారాల యోగా పూర్తయ్యేసరికి ఆ గుంపులో 31 మందికి 16 మంది రోగ నిర్ధారణ గీత కిందికి వచ్చేశారు, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న గుంపులో 29 మందికి ఆరుగురే. ఇవి ఆశ పుట్టించే ఫలితాలే కానీ చిన్న అధ్యయనాలు. కాబట్టి నా సలహా: మీ కష్టం ఒకే ఒక్క ఘటన, అంటే యాక్సిడెంట్ లాంటిది, దాని పీడకలలూ అయితే ముందు ఈఎండీఆర్ లేదా సీబీటీ అడగండి. మాట్లాడుతుంటే తల ఖాళీ అయిపోయేవాళ్లు, ఏళ్లుగా కౌన్సెలింగ్‌లో అన్నీ "అర్థమై" కూడా ఒళ్లు మాట విననివాళ్లు సొమాటిక్ దారిని చూడొచ్చు.

మూడో పని: మనిషిని ఎంచుకోవడం

ఇక్కడే జనం మోసపోయేది. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ నంబరు. కౌన్సెలర్, థెరపిస్టు, హీలర్, కోచ్ అని బోర్డు పెట్టడానికి మాత్రం ఇన్నాళ్లూ అడ్డుచెప్పే దిక్కు లేదు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వీళ్లలో కొందరిని లెక్కలోకి తెచ్చింది.

కాబట్టి రెండు అరలుగా చూడండి. మొదటిది మూల చదువు: సైకాలజీలో పీజీ, ఆపై క్లినికల్ లేదా కౌన్సెలింగ్ శిక్షణ. రెండోది దాని మీద సొమాటిక్ శిక్షణ. రెండోది ఉండి మొదటిది లేకపోతే నేనైతే వెళ్లను. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్లు బంజారాహిల్స్ నుంచి కొండాపూర్ దాకా ఉన్నారు.

ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా అడగాల్సినవి: మీ శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు? మీ పని మీద పర్యవేక్షణ చేసే సీనియర్ ఎవరైనా ఉన్నారా? చేయి వేసి చేసే పని మీ పద్ధతిలో ఉందా? ఫీజెంత, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి? తెలుగులో చేస్తారా? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. హైటెక్ సిటీ చుట్టుపక్కల చాలామంది ఇంగ్లిష్‌లోనే చేస్తారు. ఆఫీసులో ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాళ్లు కూడా ఏడుపొచ్చినప్పుడు అమ్మ భాషలోకే జారతారు. థెరపిస్టుకు తెలుగు కాస్తయినా అర్థమైతే చాలు, మీరు మధ్యలో తెలుగులో మాట్లాడొచ్చు.

ఎవరైనా "రెండు రోజుల్లో చిన్ననాటి గాయాలన్నీ కడిగేస్తాం", "మూడు సెషన్లలో గ్యారంటీ", "ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. శంషాబాద్ అవతలి రిసార్టుల్లో జరిగే బ్రెత్‌వర్క్ రిట్రీట్‌ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గంటసేపు వేగంగా, లోతుగా ఊపిరి తీయిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిరెక్కుతుంది, కళ్లు తిరుగుతాయి, చేతులు కొంకర్లు పోతాయి. దాన్ని "శక్తి కదిలింది" అని చెబుతుంటారు. మూర్ఛ, గుండె జబ్బు, హై బీపీ, గ్లకోమా ఉన్నవాళ్లూ గర్భిణులూ దాని దగ్గరికే పోకూడదు.

తొలి రోజు

వదులు బట్టలు చాలు. జిమ్ డ్రెస్సు అక్కర్లేదు. చీరైనా, సల్వార్ అయినా, ఆఫీసు ప్యాంటు షర్టైనా ఫర్వాలేదు, నేల మీద కూర్చోమన్నా ఇబ్బంది లేకపోతే సరి. బట్టలు విప్పే పని ఈ థెరపీలో ఎక్కడా లేదు. కడుపు నిండా బిర్యానీ తిని వెళ్లకండి, ఖాళీ కడుపుతోనూ వెళ్లకండి. గంట ముందు టిఫిన్ లాంటిది తినండి. రెండు కప్పుల ఇరానీ చాయ్ తాగి వెళ్తే ఆ దడ చాయ్‌దో మీదో తేల్చుకోలేరు.

సాయంత్రం ఆరు గంటల స్లాటు తీసుకుని బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కుని పరుగెత్తుకుంటూ చేరితే మొదటి ఇరవై నిమిషాలు ఆ ట్రాఫిక్‌ను దించుకోవడానికే సరిపోతాయి. సెషన్ ఉండేది 50 నుంచి 60 నిమిషాలు, కొందరు 90 దాకా చేస్తారు. శనివారం పొద్దున దొరికితే పట్టుకోండి.

మొదటి సెషన్‌లో పెద్దగా "థెరపీ" జరగదు. ఫారం నింపుతారు. నిద్ర, ఆకలి, మందులు, ఆపరేషన్లు, యాక్సిడెంట్లు, ఇంట్లో పరిస్థితులు అడుగుతారు. మీ జీవితంలోని అత్యంత ఘోరమైన సంగతిని ఆ రోజే చెప్పాలని లేదు. "అది ఉంది, ఇప్పుడు చెప్పలేను" అన్నా చాలు. చెప్పింది బయటికి పోదని, ప్రాణాపాయం లాంటి కొన్ని పరిస్థితుల్లో మాత్రం మినహాయింపులుంటాయని థెరపిస్టు తనంతట తానే చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను మీ హక్కుగా రాసింది. చెప్పకపోతే మీరే అడగండి.

ఆపమని చెప్పడానికి ఒక గుర్తు కూడా ఆ రోజే పెట్టుకోండి. అరచేయి ఎత్తడమో, "ఆపుదాం" అనడమో. మాట పెగలని క్షణాలు వస్తాయి కాబట్టి చేతి సైగే మేలు.

గదిలో ఓ పది నిమిషాలు

మాదాపూర్‌లో టీమ్ లీడ్‌గా పనిచేసే ముప్పై నాలుగేళ్ల ఆవిడను ఊహించుకోండి. మేనేజరు నలుగురి ముందు నోరు జారిన సంగతి చెబుతోంది. నాలుగో సెషన్ అనుకుందాం.

"మీటింగ్ గురించి చెబుతుంటే ఇప్పుడు ఒంట్లో ఏమనిపిస్తోంది?"

"ఏం లేదు మేడమ్. టెన్షన్."

"ఆ టెన్షన్ ఎక్కడుందో చూసి చెప్పండి. తొందరేం లేదు."

కాసేపు మౌనం. "గొంతులో. ఏదో అడ్డం పడ్డట్టు."

"ఎంతుంది?"

"నిమ్మకాయంత. గట్టిగా ఉంది."

"సరే, దాన్ని అక్కడే ఉండనిద్దాం. ఒంట్లో ఇంకెక్కడైనా కాస్త నిమ్మళంగా ఉన్న చోటుందేమో చూడండి."

ఈసారి ఇంకా ఎక్కువసేపు. "అరికాళ్లు. బండలు చల్లగా ఉన్నాయి."

"కాసేపు ఆ చల్లదనం దగ్గరే ఉండండి... ఇప్పుడొకసారి గొంతు దగ్గరికి వెళ్లి రండి."

"కొంచెం తగ్గింది. కానీ చేతులు బిగుసుకుంటున్నాయి."

"చేతులు ఏం చేయాలంటున్నాయి?"

ఆవిడ నవ్వేసింది. "తోసేయాలని ఉంది మేడమ్."

థెరపిస్టు ఒక కుషన్ ఎదురుగా పట్టుకున్నారు. "ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా తోసి చూడండి. బలం వద్దు."

రెండు చేతులూ ముందుకు జరగడానికి అర నిమిషం పైనే పట్టింది. చివర్లో ఒక పెద్ద నిట్టూర్పు, ఆవలింత, కడుపులో గుడగుడ. ఆవిడ సిగ్గుపడింది. థెరపిస్టు "మంచిదే" అని, "ఇప్పుడు గదంతా ఒకసారి చూడండి, మీకు నచ్చే వస్తువు ఏదైనా ఉందా?" అన్నారు. కిటికీ బయట వేపచెట్టు, అంది. పది నిమిషాలు అంతటితో అయిపోయాయి.

మేనేజరు తప్పా ఒప్పా అన్న చర్చ జరగలేదు, చూశారా. కష్టమైన చోటుకు కాసేపు, నిమ్మళంగా ఉన్న చోటుకు కాసేపు వెళ్లి రావడం ఒక పని. అప్పుడు చేయలేకపోయిన కదలికను ఇప్పుడు భద్రంగా, నిదానంగా పూర్తి చేయనివ్వడం ఇంకో పని. కొద్దికొద్దిగా ముట్టుకోవడాన్ని వీళ్లు టైట్రేషన్ అంటారు. మీకు ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుంటే ఇట్టే తెలుస్తుంది: బ్యూరెట్ నుంచి చుక్క చుక్క వదలాలి, చేయి తొందరపడి ధారగా పోసేస్తే ఫ్లాస్కు మొత్తం ముదురు గులాబీ రంగెక్కి ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది.

"ఏమీ అనిపించడం లేదు" అన్నది కూడా జవాబే. మొదట్లో చాలామందికి మెడ కింది నుంచి ఏమీ తెలియదు. అలాంటప్పుడు బరువు, తేలిక, వేడి, చలి, బిగువు, వదులు, తిమ్మిరి, జలదరింపు, నొక్కేసినట్టు, తిప్పేసినట్టు, దిగాలుగా జారినట్టు, ఏ మాట దొరికితే అది వాడండి. "మొద్దుబారిపోయింది" అన్నా పనికొస్తుంది. థెరపిస్టు మెచ్చుకునే జవాబు వెతకడం మాత్రం మానేయండి. ఎంసెట్ ర్యాంకుల ఊళ్లో పెరిగినవాళ్లం కదా, ఇక్కడ కూడా మార్కులు తెచ్చుకోవాలని చూస్తాం.

కళ్లు మూసుకోమంటే భయమేస్తే తెరిచే ఉంచండి. ఊపిరి మీద ధ్యాస పెడితే కొందరికి దడ తగ్గడానికి బదులు పెరుగుతుంది. అలా అవుతుంటే చెప్పేయండి, థెరపిస్టు వేరే దారి చూస్తారు.

చేయి వేయడం గురించి

దీన్ని విడిగా చెప్పాలి. ఎక్కువ సెషన్లు తాకకుండానే నడుస్తాయి. తాకే పద్ధతులున్నా అది భుజం మీదో, వీపు పైభాగం మీదో, బట్టల పైనుంచే, ప్రతిసారీ అడిగాకే. ఒకసారి సరేనన్నది వచ్చే వారానికి చెల్లదు, మళ్లీ అడగాలి. ఎందుకో చెప్పాలి, ఎక్కడో చెప్పాలి, మీరు వద్దంటే ముఖం మాడ్చుకోకూడదు. ఛాతీ, తొడలు, పొత్తికడుపు ప్రాంతాలను తాకడానికి ఏ సాకూ లేదు. "మీ బ్లాక్ అక్కడుంది" అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. సెషన్ బయట కాఫీకి పిలవడం, రాత్రిళ్లు వాట్సాప్‌లో కబుర్లు, "నీకూ నాకూ ఏదో అనుబంధం ఉంది" అనడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అసభ్యంగా ప్రవర్తిస్తే పోలీసులకు 100 లేదా 112, ఆడవాళ్లయితే షీ టీమ్స్. పెద్దాయన కదా, పేరున్న మనిషి కదా అని మింగేయకండి.

ఆన్‌లైన్ సెషన్లు

పద్ధతి చాలావరకు తాకకుండా చేసేదే కాబట్టి వీడియోలో కూడా నడుస్తుంది. కెమెరాలో మొహం ఒక్కటే కాకుండా నడుం దాకా కనిపించేలా కూర్చోండి. అసలు ఇబ్బంది ఏకాంతం. రెండు గదుల ఫ్లాట్‌లో పక్కనే టీవీ సీరియల్ నడుస్తుంటే ఎవరికి మాటొస్తుంది? కారులో కూర్చుని చేసేవాళ్లున్నారు. పార్కింగ్ సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు, నీడలో ఆపుకోండి.

సెషన్ అయ్యాక

ఒళ్లు బడలికగా ఉండొచ్చు, బాగా నిద్ర పట్టొచ్చు, లేదా ఆ రాత్రి కలలు ఎక్కువ రావొచ్చు. మర్నాడు చిన్నదానికే కళ్లలో నీళ్లు తిరిగితే కంగారుపడకండి. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. బరువైన సెషన్ జరిగిన వెంటనే బండి స్టార్ట్ చేసి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. పావుగంట నడవండి, నీళ్లు తాగండి. వెంటనే ఆఫీసు కాల్ పెట్టుకోకండి. ఆ సాయంత్రమే ఇంట్లోవాళ్లతో పాత లెక్కలు తేల్చుకోవడానికి కూర్చోవడం అసలే వద్దు.

మూడు రోజులు దాటినా నిద్ర లేకపోతే, పాత దృశ్యాలు మీద పడుతుంటే, పనికి వెళ్లలేకపోతుంటే తర్వాతి సెషన్ దాకా ఆగకుండా థెరపిస్టుకు చెప్పండి. అంటే మోతాదు మించిందని. తగ్గించమనాలి. ప్రతిసారీ అదే జరుగుతుంటే థెరపిస్టుకు నిదానం తెలియదని అర్థం.

మధ్యలో ఇంట్లో చేసుకునేవి కొన్ని ఉన్నాయి, అన్నీ చిన్నవే. మీటింగ్‌కు ముందు తల మెల్లగా తిప్పి గదిలో ఐదు వస్తువులు చూడడం. చెప్పులు విప్పి రెండు పాదాలూ నేలకు నొక్కి వదలడం. ఊపిరి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలడం: నాలుగు లెక్కబెడుతూ పీల్చి, ఆరు లెక్కబెడుతూ వదలండి. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, అందుకే ఈ చిట్కా. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1920లలో చెప్పింది, నిద్ర పట్టనివాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. గాయాల జ్ఞాపకాలను మాత్రం ఒంటరిగా యూట్యూబ్ చూస్తూ తవ్వకండి.

ఇంట్లో ఏమని చెప్పాలి

"ప్రతి శనివారం ఎక్కడికమ్మా వెళ్తున్నావు?" అని అత్తగారు అడుగుతారు. మొత్తం చెప్పాల్సిన పని లేదు. "మెడనొప్పీ నిద్ర పట్టకపోవడం ఉన్నాయి కదా అత్తయ్యా, దానికి ఒక మేడమ్ దగ్గర వ్యాయామం లాంటిది నేర్చుకుంటున్నా" అంటే అబద్ధం కాదు, గొడవా ఉండదు. భర్తకో భార్యకో మాత్రం కాస్త ఎక్కువ చెప్పడం మంచిది. సెషన్ రోజు వంటింటి పని ఎవరు చూడాలి, మీరు మాట్లాడకుండా కూర్చుంటే అలిగారని అనుకోకూడదు, ఇలాంటి ఏర్పాట్లు చేసుకోవాలి కదా.

పనిచేస్తోందా లేదా

నాలుగైదు సెషన్లకే జీవితం మారిపోదు. కానీ చిన్న గుర్తులు కనబడాలి. ఫోన్ మోగితే భుజాలు లేచాయని మీకే తెలియడం. కోపం వచ్చినా మునుపటికంటే త్వరగా దిగడం. నిద్రలో పళ్లు నూరడం తగ్గడం. "వద్దు" అని ఒక్కసారైనా అనగలగడం. ఎనిమిది, పది సెషన్ల తర్వాత కూడా ఏ మార్పూ లేకపోతే థెరపిస్టుతో ఆ మాటే మాట్లాడండి. మంచివాళ్లు పద్ధతి మారుస్తారు, లేదా వేరేవాళ్ల దగ్గరికి పంపుతారు. "మీరే రెసిస్ట్ చేస్తున్నారు" అని నెపం మీ మీదికి తోసేవాళ్ల దగ్గర ఇంకో పది సెషన్లు వృథా చేయకండి. పాత, లోతైన గాయాలకు మాత్రం నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది. ఆ సంగతి మొదట్లోనే అడిగి తెలుసుకుంటే మంచిది.

డబ్బు, కాగితాలు

ప్రైవేటులో సెషన్‌కు వెయ్యి నుంచి మూడు నాలుగు వేల దాకా తీసుకునేవాళ్లున్నారు. తగ్గింపు ఫీజు స్లాట్లు కొందరు విడిగా ఉంచుతారు, అడిగితేనే చెబుతారు. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఉద్యోగుల కౌన్సెలింగ్ పథకం ఉందేమో చూడండి. కొన్ని సెషన్లు ఉచితంగా రావచ్చు. ఇన్సూరెన్స్ విషయంలో, ఒంటి జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకూ కవరేజీ ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. అయితే మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారం వారం థెరపీకి రావాలంటే ఓపీడీ కవర్ ఉన్న పాలసీ కావాలి, అందులోనూ థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరున్న బిల్లు అడుగుతారు. ప్రతి సెషన్‌కూ రసీదు తీసుకోండి.

ఆపాలనుకున్నప్పుడు ఉన్నట్టుండి మానేయకుండా ముందే చెప్పి, చివరి రెండు మూడు సెషన్లను పదిహేను రోజులకొకటి, నెలకొకటిగా దూరం జరపండి. ఆ సమయంలో, మళ్లీ ఇబ్బంది మొదలైతే ముందుగా ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో, అప్పుడు ఏం చేయాలో థెరపిస్టుతో కలిసి ఒక కాగితం మీద రాసుకోండి. ఊరు మారుతున్నా, డాక్టరు మారుతున్నా చికిత్స వివరాల కాపీ అడిగి తీసుకోండి. మీ వైద్య రికార్డులు చూసుకునే హక్కు అదే చట్టంలోని 25వ సెక్షన్‌లో ఉంది.